గాట్లు పెట్టిన అక్షరాలు

బెల్ సెంటెనియల్ అనే ఆంగ్ల ఫాంటులోని పెద్ద 'ఎన్' అక్షరాన్ని అరచేయంత చేసి చూస్తే ఎలుక కొరికినట్టు ఉంటుంది. నిలువు గీతా ఏటవాలు గీతా కలిసే మూలల్లో నిండుగా ఉండవలసిన చోట లోపలికి చొచ్చుకుపోయిన గాట్లు కనిపిస్తాయి. 'ఎమ్', 'డబ్ల్యూ', అంకెల్లో 4, ఇలా రెండు గీతలు ఇరుకు కోణంలో కలిసే ప్రతిచోటా ఇదే వరస. అదే అక్షరాన్ని 6 పాయింట్ల సైజులో, అంటే సుమారు రెండు మిల్లీమీటర్ల గడిలో, నాసిరకం కాగితం మీద, వేగంగా తిరిగే యంత్రంలో అచ్చు వేస్తే గాట్లు మాయమైపోయి మూలలు పదునుగా కనిపిస్తాయి. వాటిని పూడ్చేది సిరా. అక్షరంలో కొంత భాగాన్ని గీసిన మనిషి గీశాడు, మిగిలినదాన్ని కాగితం మీద పాకే సిరాకు వదిలిపెట్టాడు.

ఒక నిర్దిష్టమైన పని కోసమో, ఒక నిర్దిష్టమైన పదార్థం కోసమో తయారైన ఫాంట్లను అర్థం చేసుకోవడానికి ఈ 'ఎన్' మంచి దారి చూపిస్తుంది. వాటి ఆకారంలో వింతగా, ఒక్కోసారి వికారంగా కనిపించే ప్రతి మలుపు వెనకా కాగితానిదో, సిరాదో, వెలుతురుదో, యంత్రానిదో, మనిషి కంటిదో ఒక లోపం ఉంటుంది. ఆ లోపానికి ముందుగానే విరుగుడు వేసి గీసిన గీత అది. అందువల్ల ఇటువంటి అక్షరాన్ని దాని పనిలో పెట్టి చూడకుండా బాగుందనీ బాగాలేదనీ తేల్చడం కుదరదు.

బెల్ సెంటెనియల్ పుట్టింది అమెరికా టెలిఫోన్ డైరెక్టరీల కోసం. అంతకుముందు అక్కడి డైరెక్టరీలను బెల్ గోథిక్ అనే ఫాంటులో అచ్చు వేసేవారు. దాన్ని 1930ల చివర్లో మెర్జెంథాలర్ లైనోటైప్ కంపెనీలో చౌన్సీ గ్రిఫిత్ రూపొందించాడు. అది సీసం కరిగించి వరుసలకు వరుసలు పోతపోసే లైనోటైప్ యంత్రాల కాలం. సీసపు అచ్చు కాగితాన్ని గట్టిగా నొక్కుతుంది కాబట్టి సన్నని గీత కూడా కాస్త బలంగానే పడేది. 1970ల నాటికి పరిస్థితి మారింది. అక్షరాలను క్యాథోడ్ రే గొట్టం మీద వెలిగించి ఫిల్ము మీదికి ఎక్కించే పద్ధతి వచ్చింది. ముద్రణ అతివేగపు ఆఫ్‌సెట్ యంత్రాలకు మారింది. కొత్త పద్ధతిలో బెల్ గోథిక్ గీతలు అరిగిపోయినట్టు పడసాగాయి. దాన్ని సరిచేయడానికి ప్రెస్సులో సిరా పెంచితే 'ఈ', 'ఏ' వంటి అక్షరాల పొట్టలు పూడుకుపోయేవి, తగ్గిస్తే గీతలు తెగిపోయేవి. డైరెక్టరీలో ఒక్క అంకె తప్పు చదివినా ఫోను వేరే ఇంట్లో మోగుతుంది. మామూలు పుస్తకంలో ఒక అక్షరం చెదిరితే పాఠకుడు వాక్యాన్ని బట్టి పోల్చుకుంటాడు. ఫోను నంబరులో అటువంటి ఆసరా ఏదీ ఉండదు, 3 అయినా 8 అయినా రెండూ సబబుగానే కనిపిస్తాయి.

కొత్త ఫాంటు పని మాథ్యూ కార్టర్‌కు దక్కింది. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన హాలండ్‌లోని హార్లెమ్ పట్టణంలో, ఎన్‌స్కెడే ముద్రణశాలలో, ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని చెక్కే పాతకాలపు విద్య నేర్చుకున్నాడు. ఆ చేతితోనే బెల్ సెంటెనియల్ అక్షరాలను గళ్ల కాగితం మీద గడి గడిగా నింపుకుంటూ గీశాడు, ఎందుకంటే గొట్టం మీద వెలిగేవి చుక్కలే. ఏ గడి నింపాలి, ఏ గడి వదలాలి అన్నదే మొత్తం నిర్ణయం. మూలల్లో వదిలిన గడులే పైన చెప్పిన గాట్లు. ఆంగ్లంలో వాటిని ఇంక్ ట్రాప్‌లంటారు. పొంగి వచ్చే సిరా అక్కడ చేరి ఆగిపోతుంది, అక్షరం పొట్టలోకి పోదు. 1978లో ఫాంటు సిద్ధమైంది. అందులో ఉన్న నాలుగు రకాలకు పెట్టిన పేర్లే అసలు సంగతి చెప్పేస్తాయి: నేమ్ అండ్ నంబర్, అడ్రస్, బోల్డ్ లిస్టింగ్, సబ్ కాప్షన్. సన్నం, మధ్యస్థం, లావు అని మందాన్ని బట్టి కాకుండా డైరెక్టరీ పేజీలో ఏది ఎక్కడ కూర్చుంటుందో ఆ పనిని బట్టి పెట్టిన పేర్లు ఇవి. చిరునామాకు వాడేది పలచగా ఉంటుంది, పేరుకూ నంబరుకూ వాడేది దిట్టంగా ఉంటుంది. అక్షరాల వెడల్పు కూడా తగ్గించారు, దానివల్ల ఎక్కువ చిరునామాలు రెండో వరుసలోకి పొర్లకుండా ఒకే వరుసలో ఇమిడాయి. లక్షల ప్రతులు వేసే పుస్తకంలో వరుసలు తగ్గితే కాగితం తగ్గుతుంది. టెలిఫోన్ కంపెనీ కొత్త ఫాంటు ఖర్చుకు ఒప్పుకోవడానికి స్పష్టత ఎంత కారణమో ఆ కాగితం పొదుపూ అంతే కారణం.

తెలుగు పాఠకులకు ఇదే రకం అవసరం మరోచోట తగిలింది. పదో తరగతి ఫలితాలను దినపత్రికలు పేజీల కొద్దీ హాల్‌టికెట్ నంబర్లుగా వేసిన రోజుల్లో, ఇంటిల్లిపాదీ పత్రికను నేల మీద పరచి, స్కేలు ఆనించి ఒక్కొక్క వరుస దిగుతూ వెతికేవారు. న్యూస్‌ప్రింట్ మీద చీమల్లాంటి అంకెల్లో 6 ఏదో 8 ఏదో తేలక గుండెలు దడదడలాడిన ఇళ్లకు ఇంక్ ట్రాప్ గురించి వేరే వివరణ అక్కర్లేదు. ఇటువంటి అవసరమే అమెరికాలో షేర్ల ధరల పట్టికల రూపంలో వచ్చింది. వాల్ స్ట్రీట్ జర్నల్ పట్టికల కోసం టోబియాస్ ఫ్రీర్-జోన్స్ రెటీనా అనే ఫాంటును రూపొందించాడు. దానిలోనూ ఇవే గాట్లు, ఇంకా లోతుగా ఉంటాయి.

ఈ రెండు ఫాంట్లకూ తరువాత పట్టిన దశ కాస్త నవ్వు తెప్పిస్తుంది. 2011లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తన సేకరణలోకి 23 డిజిటల్ ఫాంట్లను తీసుకుంది, వాటిలో ఇవి రెండూ ఉన్నాయి. ఈలోగా ముద్రణ మెరుగై, చదవడం తెరల మీదికి మారి, సిరా పాకే సమస్యే చాలాచోట్ల పోయింది. గాట్లు మాత్రం మిగిలాయి, అదీ అలంకారంగా. ఇప్పుడు అంకుర సంస్థల లోగోల్లోనూ పెద్ద పెద్ద పోస్టర్లలోనూ ఇంక్ ట్రాప్‌లు కావాలని పెద్దవి చేసి చూపించడం ఒక ఫ్యాషన్. పూడ్చే సిరా లేదు కాబట్టి గాటు గాటుగానే ఉండిపోతుంది. అది తప్పేమీ కాదు, కానీ దాన్ని చదవడానికి అనువైన ఫాంటుగా చెప్పుకోవడం మాత్రం సరికాదు.

కాగితం, సిరా, కన్ను అనే ముగ్గురి సంగతి అది. నాలుగో పాత్రగా యంత్రమే చదవడం మొదలుపెడితే అక్షరం ఏమవుతుందో చూడడానికి దూరం వెళ్లనక్కర్లేదు, చెక్కుబుక్కు తెరిస్తే చాలు. చెక్కు అడుగున ఉండే వరుసలోని అంకెలు ఈ-13బి అనే ఫాంటులో ఉంటాయి. 1950లలో అమెరికా బ్యాంకుల్లో చెక్కులు గుట్టలుగా పేరుకుపోతుంటే వాటిని యంత్రంతో వేరుచేయడానికి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ, జనరల్ ఎలక్ట్రిక్ తదితరులు చేసిన ప్రయత్నంలోంచి ఇది వచ్చింది. పేరులోని 13 అంగుళంలో వెయ్యింట 13 వంతుల కొలతను సూచిస్తుంది, ప్రతి అంకె గీతల మందమూ ఆ కొలతకు గుణిజంగానే ఉంటుంది. అచ్చు వేసే సిరాలో ఇనుప ఆక్సైడ్ ఉంటుంది. యంత్రం ముందుగా ఆ సిరాను అయస్కాంతీకరించి, తరువాత ఒక సన్నని సందు ఉన్న తల కింద నుంచి చెక్కును పోనిస్తుంది. ఆ సందు కింద ఎంత సిరా పెరిగింది, ఎంత తరిగింది అన్నదాన్ని బట్టి ఒక అల పుడుతుంది. ఒక్కో అంకెకు ఒక్కో అల. అంకెల్లో అక్కడక్కడా కనిపించే అసందర్భమైన లావు ముద్దలు ఆ అలలను ఒకదానితో ఒకటి కలవకుండా వేరుచేయడానికే ఉన్నాయి. మనిషి చెక్కు మీద పొరపాటున గీసిన బాల్‌పెన్ను గీత ఆ తలకు తెలియదు, ఎందుకంటే ఆ సిరాలో ఇనుము లేదు.

మన చెక్కుల మీద ఆ వరుసలో ముందుగా చెక్కు నంబరు, తరువాత తొమ్మిది అంకెల సంకేతం ఉంటాయి. తొమ్మిదింటిలో మొదటి మూడు ఊరికి, తరువాతి మూడు బ్యాంకుకు, చివరి మూడు శాఖకు గుర్తు. హైదరాబాదు చెక్కు అయితే 500 అని మొదలవుతుంది, పిన్‌కోడ్‌లోని మొదటి మూడు అంకెలే అవి. ఇప్పుడు చెక్కు ఊళ్లు తిరగడం లేదు, చెక్కు ట్రంకేషన్ పద్ధతిలో దాని చిత్రమే తిరుగుతోంది. అయినా అడుగున ఆ వరుస అలాగే ఉంది, దాని మీద రాయకూడదన్న నియమమూ అలాగే ఉంది.

ఈ-13బిలో ఉన్నవి 14 గుర్తులే: పది అంకెలు, నాలుగు సంకేతాలు. ఒక్క అక్షరం కూడా లేదు. అయినప్పటికీ 1960ల నుంచి పోస్టర్లలోనూ పుస్తకాల అట్టల మీదా 'కంప్యూటర్ యుగం' అని చెప్పదలిచిన ప్రతివాడూ ఈ ముద్దముద్ద అంకెలను అనుకరిస్తూ అక్షరాలు కల్పించుకున్నాడు. యంత్రం చదవగలిగేవి అంకెలే, మనుషులు మాత్రం యంత్రానికి ఏమీ అర్థంకాని అక్షరాలు రాసి యంత్రం భాష అనుకున్నారు. అసలు ఫాంటు మాత్రం ఈ హడావిడి దేన్నీ పట్టించుకోకుండా బ్యాంకుల్లో పని చేసుకుపోయింది.

అయస్కాంతంతో కాకుండా వెలుతురుతో చదివే యంత్రాలకు 1968లో రెండు ఫాంట్లు వచ్చాయి. అమెరికాలో తయారైన ఓసీఆర్-ఏ పూర్తిగా యంత్రం పక్షాన నిలిచి మనిషి కంటిని ఇబ్బంది పెట్టింది. ఐరోపాలో ఏడ్రియన్ ఫ్రూటిగర్ రూపొందించిన ఓసీఆర్-బి ఇద్దరికీ మధ్య రాజీ కుదిర్చింది. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున 44 గడుల చొప్పున రెండు వరుసలు ఉంటాయి, ఇంటిపేరు, పేరు, ఖాళీల్లో కోణాకారపు గుర్తులు. అది ఓసీఆర్-బి. విమానాశ్రయంలో యంత్రం దాన్ని ఒక్క చూపులో చదువుతుంది, కౌంటరులోని అధికారి కూడా తడుముకోకుండా చదవగలడు. ఈ రెండింటిలో ఏది గొప్ప అన్న వాదన ఎవరైనా పెట్టుకుంటే మొగ్గు ఫ్రూటిగర్ వైపే ఉండాలి. యంత్రాలు క్రమంగా తెలివిమీరి ఏ ఫాంటునైనా చదివే స్థితికి వచ్చాయి, మనిషి కన్ను మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

చదివేవాళ్ల కోసం కాకుండా దిద్దేవాళ్లను అడ్డుకోవడానికి గీసిన అక్షరాలు కూడా ఉన్నాయి. జర్మనీలో వాహనాల నంబరు ప్లేట్ల మీద చాలాకాలం దేశపు సాంకేతిక ప్రమాణమైన డిన్ 1451 అక్షరాలు ఉండేవి. అవి ఎంత పద్ధతిగా ఉండేవంటే, నల్లరంగో టేపో కాస్త ఉంటే 'పి'ని 'ఆర్'గా, 3ను 8గా మార్చేయవచ్చు. 1970ల చివర్లో, ఉగ్రవాద చర్యలు దేశాన్ని కుదిపేస్తున్న కాలంలో, కార్ల్‌గేయోర్గ్ హోఫర్ కొత్త అక్షరాల పని చేపట్టాడు. పద్ధతిని కావాలనే చెడగొట్టడమే ఆయన కిటుకు. ఒకే రకం వంపు రెండు అక్షరాల్లో రాకూడదు, ఒకదానికి ఒక గీత చేర్చితే మరొకటి కాకూడదు. విడివిడిగా చూస్తే ఒక కుటుంబానికి చెందినవిగా కూడా అనిపించని ఈ గుర్తులు 2000 నవంబరు నుంచి అక్కడి కొత్త ప్లేట్లకు తప్పనిసరి అయ్యాయి. మన రోడ్ల మీద దీనికి పూర్తి విరుద్ధమైన విద్య ఒకటి వర్ధిల్లింది. 8055 నంబరు కోసం పోటీపడి, ఆ అంకెలను వంచి తిప్పి ఆంగ్లంలో 'బాస్' అని చదివించే ప్లేట్లను చూడనివారు ఉండరు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు అంకెల ఎత్తును, మందాన్ని, మధ్య ఎడాన్ని మిల్లీమీటర్లలో నిర్దేశించేది ఈ విద్య ఆటకట్టించడానికి కూడా.

రోడ్డు మీద సమస్య సిరాది కాదు, వెలుతురుది. తెల్లని నేల మీద నల్లని అక్షరం ఉన్నదానికంటే కాస్త సన్నగా కనిపిస్తుంది. ముదురు నేల మీద తెల్లని అక్షరం వెలుగు చిమ్మి లావుగా కనిపిస్తుంది. బ్రిటన్ రోడ్డు గుర్తుల కోసం 1950ల చివర్లో, 60ల మొదట్లో జాక్ కిన్నియర్, మార్గరెట్ కాల్వెర్ట్ రూపొందించిన ట్రాన్స్‌పోర్ట్ ఫాంటుకు రెండు మందాలున్నది ఇందుకే. లావుది తెల్లని బోర్డు మీది నల్ల అక్షరాలకు, సన్ననిది నీలం, ఆకుపచ్చ బోర్డుల మీది తెల్ల అక్షరాలకు. రెండూ రోడ్డు మీదికి వచ్చేసరికి సమానంగా కనిపించాలి. ఈ ఫాంటుకు పోటీగా శిలాఫలకాలు చెక్కే డేవిడ్ కిండర్స్లీ పెద్దక్షరాల ఫాంటు ఒకటి ప్రతిపాదించాడు. రెండింటినీ బెన్సన్ విమాన క్షేత్రంలో పరీక్షించారు: మనుషులను మెట్ల వరుసల మీద కూర్చోబెట్టి, బోర్డు కట్టిన కారును వారివైపు నడిపించారు. ఫలితంలో కిండర్స్లీ అక్షరాలు కొద్దిగా ముందున్నాయి. తేడా చాలా చిన్నది కావడంతో చూపుకు బాగున్న కిన్నియర్ పద్ధతినే ఎంచుకున్నారు. పరీక్ష పెట్టడం, దాని ఫలితాన్ని పక్కనపెట్టడం రెండూ ఒకే కథలో ఉండడం విచిత్రంగా తోచినా, అంత చిన్న తేడా కొలత పరికరానిదో అక్షరానిదో చెప్పడం ఎవరికైనా కష్టమే.

అమెరికాలో అటువంటి కొలతే మరింత పెద్ద గొడవకు దారితీసింది. అక్కడి రహదారుల బోర్డుల మీద హైవే గోథిక్ అని పిలిచే పాత అక్షరాలు ఉంటాయి. రాత్రివేళ హెడ్‌లైట్ల కాంతిని తిప్పికొట్టే రేకు అతికించిన బోర్డుల మీద చిన్న 'ఈ', 'ఏ' అక్షరాల పొట్టలు వెలుతురుతో నిండిపోయి, ముఖ్యంగా వయసు మీరిన డ్రైవర్లకు మసకగా కనిపిస్తున్నాయని డొనాల్డ్ మీకర్, జేమ్స్ మాంటల్బానో క్లియర్‌వ్యూ అనే ఫాంటు తయారుచేశారు. ఒక విధంగా ఇది బెల్ సెంటెనియల్ సమస్యే, సిరా బదులు వెలుతురు పాకుతోంది, అంతే. విరుగుడు కూడా అటువంటిదే: పొట్టలు పెద్దవి చేసి, అక్షరం నోరు బాగా తెరవడం. 2004లో ఫెడరల్ హైవే విభాగం దీన్ని వాడుకోవడానికి తాత్కాలిక అనుమతి ఇచ్చింది. అనేక రాష్ట్రాలు బోర్డులు మార్చాయి. 2016 జనవరిలో అదే విభాగం అనుమతి ఉపసంహరించుకుంది. మొదట కనిపించిన మెరుగుదలలో చాలాభాగం పాత, వెలిసిన బోర్డుల స్థానంలో మెరిసే కొత్త రేకు రావడం వల్ల వచ్చిందనీ, తెల్లని నేల మీది నల్ల అక్షరాల్లో అయితే క్లియర్‌వ్యూ పాతదానికంటే వెనకబడుతోందనీ చెప్పింది. 2018 మార్చిలో మళ్లీ అనుమతించింది. ఇంత తర్జనభర్జనకు మూలం అక్షరమూ అది అంటుకున్న పదార్థమూ వేరువేరుగా కొలవలేనంతగా కలిసిపోయి ఉండడమే. రేకు మారితే ఫాంటు గుణం మారుతుంది, ఫాంటు మారినప్పుడు రేకు కూడా మారితే ఫలితం ఎవరి ఖాతాలో వేయాలో తెలియదు.

పదార్థం మారితే ఏమవుతుందో వెర్డానా మరోవిధంగా చూపించింది. ఇదీ మాథ్యూ కార్టర్ పనే. 1996లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. అప్పటి కంప్యూటర్ తెరల మీద అక్షరానికి దక్కే చుక్కలు పదీ పన్నెండే. అందుకని ముందుగా చుక్కల అక్షరం తేల్చుకుని, దాని చుట్టూ వంపు గీతలు గీసుకున్నారు. అక్షరాలు వెడల్పుగా, ఎడంగా కూర్చున్నాయి. 2009లో ఫర్నిచర్ సంస్థ ఐకియా తన కేటలాగుకూ బోర్డులకూ అంతకుముందు వాడుతున్న ఫ్యూచురాను వదిలి వెర్డానాకు మారినప్పుడు డిజైనర్లు గగ్గోలు పెట్టారు. చిన్న తెర కోసం వెడల్పు చేసిన అక్షరం గోడంత బోర్డు మీద బొద్దుగా, మొద్దుగా నిలబడింది. ఆ ఫాంటులో లోపం ఏమీ లేదు, దాన్ని తీసుకువెళ్లి పెట్టిన చోటులో దానికి పని లేదు.

తెలుగు దగ్గరికి వస్తే పదార్థం అక్షరాన్ని మలుస్తుందన్న మాట కొత్తగా వినిపించదు. తాటాకు మీద గంటంతో అడ్డగీతలు గీస్తే ఈనె వెంట ఆకు చీలుతుంది కాబట్టి మన లిపి గుండ్రంగా తిరిగిందన్న వివరణ బడిలోనే చెబుతారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. అయితే తమిళాన్నీ తాటాకు మీదే రాశారు, ఆ లిపిలో నిలువు గీతలకూ అడ్డగీతలకూ కొదవలేదు. మరోపక్క రాతి శాసనాల్లోని తెలుగు-కన్నడ లిపిలోనూ గుండ్రదనం కనిపిస్తుంది. ఆకును ఒక కారణంగా ఒప్పుకోవచ్చు గానీ ఏకైక కారణంగా ఒప్పుకోవడం కష్టం.

అచ్చులో మాత్రం తెలుగు అక్షరానికి ఎక్కడ ప్రమాదమో కచ్చితంగా చూపించవచ్చు. ద, థ, ధ తీసుకుందాం. థకు పొట్టలో చుక్కా పొట్టకింద చిన్న గీతా ఉంటాయి, ధకు కింది గీత ఒక్కటే, దకు రెండూ లేవు. చిన్న ప్రకటనల సైజులో, సిరా కాస్త పొంగితే థ పొట్టలోని చుక్క అంచుతో కలిసిపోతుంది, ధ కింది గీత పొట్టకు అతుక్కుని మందమైన అడుగులా కనిపిస్తుంది. ప, ఫ, ష లదీ అదే అవస్థ. 'కథ'ను 'కధ' అని రాసే అలవాటుకు సిరాను నిందించలేం, అది ఉచ్చారణ నుంచి వచ్చింది. అయితే అచ్చులో ఆ రెండూ ఒకేలా కనిపించినప్పుడు అలవాటును సరిదిద్దే ఆధారం కూడా పోతుంది. బెల్ సెంటెనియల్ పద్ధతిని తెలుగుకు వర్తింపజేస్తే గాటు పడవలసిన చోట్లు రెండు. తలకట్టు ఏటవాలుగా వచ్చి అక్షరం ఒంటికి తగిలే ఇరుకు మూల ఒకటి. పొట్టకింద గీత పొట్టకు కలిసే చోటు రెండోది. వీటికి తోడు ఒత్తుకూ అక్షరానికీ మధ్య ఎడం సిరా పాకే దూరానికి మించి ఉండాలి.

ఎల్‌ఈడీ బోర్డు మరింత కఠినమైన పదార్థం. పదహారు వరుసల చుక్కలున్న బోర్డు మీద 'రాష్ట్రం' అని రాయవలసి వచ్చిందనుకుందాం. ష మీది తలకట్టుకు రెండు మూడు వరుసలు, ష ఒంటికి కనీసం అయిదు, ఎడానికి ఒకటి, టవత్తుకు నాలుగు. పన్నెండో పదమూడో అయిపోయాయి. మిగిలిన మూడు నాలుగింటిలో రవత్తు ఇమడాలి. ఆ ఒంటికి అయిదు వరుసలన్న లెక్క కూడా గాలిలోంచి వచ్చింది కాదు: థ వంటి అక్షరానికి పై గీత ఒకటి, ఖాళీ ఒకటి, చుక్క ఒకటి, ఖాళీ ఒకటి, కింది గీత ఒకటి. ఒక్క వరుస తగ్గినా థ పోయి ధనో వెలుగు ముద్దో మిగులుతుంది. ఆంగ్లానికి ఏడు వరుసల్లో పెద్దక్షరాలన్నీ హాయిగా కూర్చుంటాయి. బస్సు బోర్డుకు, రైల్వే ప్లాట్‌ఫాం బోర్డుకు ఎత్తు కరువే గానీ వెడల్పుకు కరువు లేదు, పేరు పక్కకు జరుగుతూ పోతుంది కూడా. కాబట్టి ఆ పని కోసం గీసే తెలుగు ఫాంటు ఒత్తులను కింద పేర్చకుండా కుడివైపుకు దించితే ఎత్తు ఆదా అవుతుంది. ఇది లిపికి పరాయి సంగతేమీ కాదు. యవత్తు ఇప్పటికే పక్కన కూర్చుంటోంది. పాత అచ్చుపుస్తకాల్లో వలపలగిలక ఉండేది: 'ధర్మం' అన్న మాటలో మకారాన్ని ఒత్తుగా కిందికి దించకుండా పూర్తి అక్షరంగా రాసి, ముందు పలికే రకారానికి గుర్తుగా దాని కుడి పక్కన ఒక గిలక పెట్టేవారు. ఒక అంతస్తు తగ్గేది. వాడుకలోంచి జారిపోయిన ఆ పద్ధతి అవసరం ఇప్పుడు చుక్కల బోర్డుకు ఎక్కువగా ఉంది.

యూనికోడ్ వచ్చాక తెలుగులో ఉచిత ఫాంట్లు బాగానే పెరిగాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన వాటికి పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ వంటి పేర్లు పెట్టారు. నేమ్ అండ్ నంబర్, అడ్రస్ అన్న బెల్ సెంటెనియల్ పేర్ల పక్కన ఈ జాబితాను పెడితే రెండు సంప్రదాయాల తేడా తెలుస్తుంది. అక్కడ పేరు పనిని చెబుతోంది, ఇక్కడ భక్తిని చెబుతోంది. అయితే వీటిలో కొన్నింటికి పని కూడా నిర్దేశించారు, మండలి అనే ఫాంటును ప్రధానంగా వార్తాపత్రికల కోసం, రామభద్ర అనేదాన్ని పెద్ద సైజు శీర్షికల కోసం ఉద్దేశించారు. పుస్తకం కోసమే ప్రత్యేకంగా గీయించిన తెలుగుకు మంచి ఉదాహరణ మూర్తి క్లాసికల్ లైబ్రరీ. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రచురణగా 2015లో మొదలైన ఈ మాలలో మూలపాఠం ఒక పేజీలో, ఆంగ్లానువాదం ఎదుటి పేజీలో ఉంటాయి. పెద్దన మనుచరిత్రము తొలి విడతలోనే వచ్చింది. ఎదురెదురు పేజీల్లో రెండు లిపులూ ఒకే సాంద్రతతో కనిపించాలంటే తెలుగు అక్షరం మందాన్ని, వరుసల ఎడాన్ని ఆంగ్లంతో బేరీజు వేసి గీయాలి. ఫియోనా రాస్, జాన్ హడ్సన్ చేసిన ఆ పని తరువాత టీరో తెలుగు పేరుతో అందరికీ ఉచితంగా దొరికింది.

ఫోను తెర మీద మాత్రం వ్యవహారం తారుమారు. అక్కడ బటన్ల, మెనూల పెట్టెల ఎత్తు ముందే ఆంగ్లాన్ని బట్టి తేలిపోయి ఉంటుంది, తెలుగు వచ్చి అందులో దూరాలి. పుస్తకానికి గీసిన తెలుగు ఫాంటును ఆ పెట్టెలో పెడితే 'రద్దు' అన్న బటన్ మీద ఒత్తు కిందికి జారి పెట్టె అంచు దగ్గర తెగిపోతుంది, పాఠకుడికి 'రదు' కనిపిస్తుంది. గూగుల్ వారి నోటో ఫాంట్ల కుటుంబంలో నోటో శాన్స్ తెలుగు అని ఒకటి, దానికి తోడుగా నోటో శాన్స్ తెలుగు యూఐ అని మరొకటి తయారుచేయడానికి కారణం ఈ బటనే. రెండో దానిలో నిలువు కొలతలను బిగించి ఆంగ్ల వరుస ఎత్తులో ఇమిడేలా చేశారు. దానిలో రద్దు బటన్ మీది ఒత్తు పెట్టెలోనే నిలుస్తుంది, పైనున్న ద మాత్రం ఆ మేరకు నడుం వంచుకోవలసి వస్తుంది.